మేడ మెట్ల నుంచి ఇంటి లిఫ్టు దాకా



ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన సంపాదకవర్గం వారు కోరినప్పుడు, “సర్వీసంతా బిల్లులు పాస్ చేసుకుంటూ గడిపినవాణ్ణి, నేనేం రాస్తాను?” అని తప్పించుకోబోయాను. “మీ ఇంట్లో లిఫ్టు పెట్టించుకున్నారు కదా, ఆ సంగతే రాయండి. మనలో సగం మందికి మోకాళ్ల బాధలే” అన్నారు. ఆ మాటతో ఇక కాదనలేకపోయాను.

అయితే ఇది లిఫ్టు కొన్న కథ మాత్రమే కాదు. కొనడానికి ముందు దాని చరిత్ర కొంత చదివాను. ఆ చదువే లేకపోతే ఈనాడు మా ఇంట్లో ఒక ప్రమాదం తాడుకు వేలాడుతూ ఉండేది. అందుకే చరిత్రనూ, మా ఇంటి ముచ్చటనూ కలిపి మీ ముందుంచుతున్నాను.

గోంగూర పైకొచ్చింది

మాది నూటయాభై గజాల స్థలం. 1994లో హౌస్ బిల్డింగ్ అడ్వాన్సు తీసుకుని కింది వాటా కట్టాం. పిల్లల పెళ్లిళ్లయ్యాక మేడ వేసి పైకి మారాం. మా వీధి క్రమంగా బజారు కావడంతో కింది భాగాన్ని మందుల దుకాణానికి అద్దెకిచ్చాం. పైకి పంతొమ్మిది మెట్లు. ఎక్కిన కొత్తలో వాటిని లెక్కపెట్టలేదు. మా శ్రీమతికి మోకాళ్లు అరిగాక లెక్కపెట్టడం మొదలైంది.

ఒక దశలో తొమ్మిది నెలల కాలంలో ఆమె నాలుగే నాలుగుసార్లు కిందికి దిగింది. నాలుగుసార్లూ ఆసుపత్రికే. పేరంటాలు మానేసింది, గుడి మానేసింది. ఒకనాడు ఆకుకూరల బండివాడితో కిటికీలోంచే బేరమాడి, బుట్టకు తాడు కట్టి దించింది. గోంగూర కట్టలు బుట్టలో పైకొచ్చాయి. “ఏవండీ, గోంగూర పైకి రాగలుగుతోంది గానీ నేనే కిందికి పోలేకపోతున్నాను” అంది నవ్వుతూ. ఆ నవ్వు నాకు నిద్ర పట్టనివ్వలేదు.

“దుకాణం ఖాళీ చేయించి మీరే కిందికి దిగిపోవచ్చు కదా” అని కొందరు మిత్రులు సలహా చెప్పారు. నిజమే గానీ, ఆ అద్దె పోతే మందుల దుకాణంలో మందులు కొనే తాహతు కూడా మాకుండదు. కమ్యుటేషన్ సొమ్ము ఎప్పుడో పెళ్లిళ్లకు ఖర్చయిపోయింది. కనుక లిఫ్టు తప్ప దారి లేదనుకున్నాం.

నాలుగు కొటేషన్లు తెప్పించాను. అలవాటు ప్రకారం అడ్డగీతలు, నిలువుగీతలు గీసి కంపారిటివ్ స్టేట్‌మెంట్ తయారు చేశాను. నాలుగోది, గోదాముల్లో సరుకులెత్తే యంత్రాలు తయారుచేసే ఒక స్థానిక వర్క్‌షాపు వారిది. మిగిలిన వాటిలో సగం ధర. తక్కువ కొటేషన్‌కు టిక్కు పెట్టడం మన రక్తంలో ఉన్నదే. పెట్టబోతూ ఆగాను. పై మూడింటిలోనూ ఉండి, నాలుగో దానిలో లేని మాట ఒకటి కనబడింది. ‘సేఫ్టీ గేర్’. వర్క్‌షాపు వారిని అడిగితే “మన తాడు గట్టిది సార్, తెగదు” అన్నారు. ఆ మాట అర్థమేమిటో తెలుసుకోవాలనే చరిత్ర పుస్తకాలు వెతికాను.

మన బావి గిలకే మూలం

లిఫ్టు అనగానే అదేదో పరదేశపు వింత అనుకుంటాం. దాని సూత్రాలు రెండూ మన పెరట్లోనివే. ఒకటి బావి గిలక. తాడును కిందికి లాగితే చేద పైకొస్తుంది. రెండవది ఏతం. ఒక కొసన నీటి బొక్కెన ఉంటే, రెండో వైపు మనిషి బరువు దానికి సాయం పడుతుంది. లిఫ్టులో గదికి ఎదురుగా వేలాడే ఇనుప దిమ్మెల పని కూడా ఇదే. గది పైకి పోతుంటే దిమ్మెలు కిందికి దిగుతాయి. గది బరువుకు, అందులో ఎక్కే బరువులో సుమారు సగం కలిపి ఆ దిమ్మెలు కడతారు. మోటారు మోయవలసింది ఆ తేడాను మాత్రమే.

రోమన్ రచయిత విట్రూవియస్ రెండువేల ఏళ్ల నాడే కప్పీలతో బరువులెత్తే యంత్రాలను వర్ణించాడు. క్రీ.శ. 80లో ప్రారంభమైన రోము నగరపు కొలోసియం నేలమాళిగల్లో, బానిసలు నిలువు దూలాల చుట్టూ తిరుగుతూ తాళ్లు చుడుతుంటే, బోనుల్లోని క్రూరమృగాలు పైన రంగస్థలానికి చేరేవి.

మరి మనుషులో? మనిషిని ఎత్తింది చాలాకాలం మనిషి భుజమే. పల్లకీలు, డోలీలు ఆ కోవలోనివే. శబరిమలకు నడవలేని భక్తులను డోలీల్లో మోయడం మనలో చాలామంది చూసినదే. మన్యంలో రోడ్డు లేని గూడేల నుంచి రోగులను డోలీలో దించిన వార్తలు ఈ రోజుల్లోనూ పత్రికల్లో చదివాం.

రాజుల ఇంటి లిఫ్టులు

నాకు ఆశ్చర్యం కలిగించిన విషయమేమిటంటే, మనుషుల కోసం కట్టిన తొలి లిఫ్టులలో కొన్ని ఆకాశహర్మ్యాలలో కాదు, ఇళ్లలోనే పుట్టాయి. కాకపోతే అవి రాజుల ఇళ్లు.

ఫ్రాన్సు రాజు పదిహేనవ లూయీ 1743లో వెర్సాయ్ ప్రాసాదంలో తన ప్రియురాలి కోసం ‘ఎగిరే కుర్చీ’ పెట్టించాడు. కప్పీలు, ఎదురు బరువుల సాయంతో ఆ కుర్చీ పై అంతస్తుకు చేరేది.

యాభై ఏళ్ల తరువాత రష్యాలో జరిగింది మన వయసు వారి కథ. మహారాణి కేథరిన్‌కు అరవై దాటాయి, శరీరం బరువెక్కింది, మెట్లెక్కడం కష్టమైంది. ఇవాన్ కులిబిన్ అనే యంత్రశిల్పి 1793లో శీతాకాల ప్రాసాదంలో ఆమె కోసం ఎత్తే కుర్చీ అమర్చాడు. ఇతడు గురుముఖంగా ఇంజనీరింగు చదివినవాడు కాదు, గడియారాలు బాగుచేస్తూ సొంతంగా నేర్చుకున్నవాడు. అందరిలా తాడును నమ్ముకోకుండా అతడు మరను నమ్ముకున్నాడు. మర తిరిగితే దాని మీది నట్టు పైకి పోతుంది, నట్టుతో కుర్చీ పోతుంది. మరలో ఉన్న గుణం, తిప్పడం ఆపితే బరువు ఎక్కడిదక్కడే నిలుస్తుంది. కారు జాకీ చూసినవారికి ఇది చెప్పనక్కర లేదు. నేడు ఇళ్లలో పెట్టే ఒక రకం లిఫ్టులు ఈ మర సూత్రం మీదనే నడుస్తున్నాయి. పైగా ప్రధానమైన నట్టు అరిగిపోతే ఆదుకోవడానికి దాని కింద రక్షణగా మరో నట్టు కూడా ఉంటుంది.

ఓటిస్ కనిపెట్టింది లిఫ్టు కాదు

లిఫ్టును కనిపెట్టినవాడు ఓటిస్ అని మనం స్కూలులో చదువుకున్నాం. అది సరికాదు. అమెరికాలో అప్పటికే ఫ్యాక్టరీల్లో సరుకులెత్తే లిఫ్టులు ఆవిరి బలంతో నడుస్తుండేవి. వాటిని మనుషులు నమ్మేవారు కాదు. తాడు తెగితే అంతే సంగతులు. ఎలీషా ఓటిస్ యాంకర్స్ పట్టణంలో మంచాల కర్మాగారంలో పని చేస్తూ 1852లో దీనికి ఉపాయం కనిపెట్టాడు.

ఆ ఉపాయం వినడానికి చాలా చిన్నది. లిఫ్టు పైన బండికి వేసే స్ప్రింగు పట్టా ఒకటి బిగించి, తాడును దానికి కట్టాడు. తాడు బిగువుగా ఉన్నంతసేపూ పట్టా వంగి ఉంటుంది. తాడు తెగిందా, పట్టా ఒక్కసారిగా సాగి, దాని కొసలు అటూ ఇటూ ఉన్న స్తంభాల పళ్లలో చిక్కుకుంటాయి. గది అక్కడే ఆగిపోతుంది. 1854లో న్యూయార్కు క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనలో తానే లిఫ్టు మీద నిలబడి, అందరూ చూస్తుండగా తాడు తెగనరికించాడు. లిఫ్టు కొద్దిగా జారి ఆగిపోయింది.

అంటే ఓటిస్ కనిపెట్టింది పైకి లేపడం కాదు, పడకుండా ఆపడం. లిఫ్టు చరిత్రకు ఇదే కీలకమని నాకు అనిపించింది. లేపడం మనిషికి వేల ఏళ్లుగా తెలుసు. పడదన్న నమ్మకం కలిగాకనే మనిషి అందులో కాలు పెట్టాడు.

1857 మార్చి 23న న్యూయార్కులో హావౌట్ అనే అయిదంతస్తుల దుకాణంలో ఓటిస్ తొలి ప్రయాణికుల లిఫ్టు అమర్చాడు. బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తుపాకి ఎత్తిన మార్చి 29కి అది సరిగ్గా ఆరు రోజుల ముందు. దాని వేగం నిమిషానికి నలభై అడుగులు, అంటే సెకనుకు 0.2 మీటరు. చిత్రమేమిటంటే, మా ఇంటి లిఫ్టు వేగం కూడా అంతే.

ఆ తరువాత మార్పులు చకచకా వచ్చాయి. 1867 పారిస్ ప్రదర్శనలో లియాన్ ఎడూ నీటి ఒత్తిడితో నడిచే లిఫ్టును చూపాడు. 1880లో జర్మనీలోని మాన్‌హైమ్ ప్రదర్శనలో వెర్నర్ సీమెన్స్ మొదటి విద్యుత్ లిఫ్టును నడిపాడు. 1892లో కలకత్తాలోని గవర్నమెంట్ హౌస్, అంటే తరువాతి రాజ్‌భవన్‌లో మన దేశపు తొలి లిఫ్టు వెలిసింది. అదీ ఒక ఇంటి లిఫ్టే అనుకోవచ్చు, వైస్రాయిగారి ఇల్లు గనుక!

మేడ పైకి, మళ్లీ ఇంటికి

లిఫ్టు రాకముందు పారిస్ వంటి నగరాల్లో పై అంతస్తులంటే చులకన. అద్దె తక్కువ, పేదలు, పనివారు ఉండేవారు. లిఫ్టు వచ్చాక పై అంతస్తుకే గిరాకీ పెరిగింది. మన పట్టణాల ఇళ్లలో మాత్రం ఆ పాత పద్ధతే మరోలా మిగిలింది. కింది భాగం కార్లకో, దుకాణానికో పోతుంది. పెద్దవాళ్లు మెట్ల పైన ఉండిపోతారు.

ఈ బాధ మనకే కాదు, అమెరికాలోనూ ఉండేది. పెన్సిల్వేనియాలో సి.సి. క్రిస్పెన్ అనే ఆయన జబ్బుపడి మేడ గదికే పరిమితమైన ఒక స్నేహితుణ్ణి చూసి, మెట్ల వెంబడి పట్టా మీద జారే విద్యుత్ కుర్చీని తయారు చేశాడని చెప్తారు. 1923లో అతడు స్థాపించిన సంస్థ కొద్ది ఏళ్లలోనే చిన్న ఇంటి లిఫ్టును కూడా తెచ్చింది. ఆ స్నేహితుడి స్థానంలో మా శ్రీమతి నాకు కనబడింది.

చిన్న ఇళ్లకు పెద్ద అడ్డంకి పైన మోటారు గది, కింద లోతైన గొయ్యి. 1996లో ఫిన్లాండుకు చెందిన కోనె సంస్థ మోటారు గది అక్కరలేని లిఫ్టును మార్కెట్లోకి తెచ్చింది. శాశ్వత అయస్కాంతాలతో చేసిన పల్చని మోటారు లిఫ్టు దారిలోనే ఇమిడిపోతుంది. అర్జెంటీనాలో రూపొందిన మరో రకంలో తాడూ లేదు, మరా లేదు. పారదర్శకమైన గొట్టంలో పైనుంచి గాలిని పీలిస్తే, కింది గాలి ఒత్తిడే గదిని పైకి నెడుతుంది. నమ్మశక్యం కాక లెక్క వేసి చూశాను. వాతావరణం చదరపు మీటరుకు సుమారు పది టన్నుల బరువుతో నొక్కుతోంది. మూడడుగుల వ్యాసం గల గొట్టంలో నాలుగు వందల కిలోలు లేవాలంటే అందులో ఆరు, ఏడు శాతం తేడా వస్తే చాలు.

కరెంటు బిల్లు సంగతి కూడా లెక్క కట్టాను. 272 కిలోల బరువును మూడు మీటర్లు ఎత్తడానికి కావలసిన శక్తి యూనిట్‌లో అయిదువందలవ వంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే. రాపిడి, దీపాలు, ఫ్యాను కలుపుకుని ఎంత పెంచినా భయపడవలసిన అంకె కాదు. భయపడవలసింది మరొకటి ఉంది.

కంపారిటివ్ స్టేట్‌మెంట్‌లో లేని గడి

ఇంత చదివాక నా స్టేట్‌మెంట్ మళ్లీ తీశాను. సగం ధర కొటేషన్ అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. అది 1852కు ముందరి లిఫ్టు. సరుకుకు సరిపోతుంది, మనిషికి పనికిరాదు. గోంగూర బుట్ట తాడు తెగితే గోంగూర పోతుంది. ఆ బుట్టలో నేను కూర్చోబెట్టబోయింది ఎవరిని? టిక్కు కొట్టేశాను. తేడా సొమ్ముకు ఫిక్సెడ్ డిపాజిట్ ఒకటి రద్దు చేశాను. పిల్లలు కొంత సర్దారు.

మా మేడ మీద స్టోరు గది ఉండేది. స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించి, బీముల జోలికి పోకుండా వాటి మధ్యనున్న స్లాబును మాత్రమే కోయించాం. కింద దుకాణం పక్కనున్న వసారా మూల లిఫ్టుకు దారి అయింది. తాళ్లతో నడిచే రకమే తీసుకున్నాం. నలుగురి లిఫ్టు. మన దేశపు లెక్కలో మనిషికి 68 కిలోలు, కనుక 272 కిలోలు.

అంతా అమర్చాక చివరి వాయిదా చెక్కు జేబులో పెట్టుకుని, “సేఫ్టీ గేర్ పని చేసి చూపించండి” అన్నాను. వచ్చిన ఇంజనీరు కుర్రవాడు, “సార్, ఇంతవరకు ఇంటివాళ్లెవరూ అడగలేదు” అంటూనే ఒప్పుకున్నాడు. ఇప్పటి లిఫ్టుల్లో వేగాన్ని కనిపెట్టి ఉండే చక్రం ఒకటి ఉంటుంది, దాన్ని గవర్నర్ అంటారు. హద్దు మీరిన వేగంతో గది దిగితే అది పట్టేసి, గది కింది ఉక్కు చీలలను పట్టాలకు బిగిస్తుంది. ఖాళీ గది దిగుతుండగా ఆ చక్రాన్ని చేత్తో పట్టించారు. ‘ఠక్’మని శబ్దం. గది బెత్తెడు కూడా జారకుండా ఆగింది. పట్టాల మీద గీరిన గుర్తులు టార్చిలైటు వేసి చూపించాడు. చెక్కు ఇచ్చేశాను. తాడు నరకలేదు గానీ, నా మటుకు నాకు అది ఓటిస్ ప్రదర్శనే.

మిత్రులకు మనవి

లిఫ్టు పెట్టుకోదలచినవారికి నా అనుభవం కొద్దీ కొన్ని మాటలు.

1. సేఫ్టీ గేర్, గవర్నర్ కొటేషన్‌లో రాతపూర్వకంగా ఉండాలి. మర రకమైతే రక్షణ నట్టు, నూనె ఒత్తిడి రకమైతే గొట్టం పగిలినా పడిపోకుండా ఆపే వాల్వు ఉన్నాయా అని అడగండి. పరీక్షించి చూపించాకే చివరి వాయిదా ఇవ్వండి.

2. తాడు కన్నా తలుపును ఎక్కువ గమనించండి. గది లేకుండా తలుపు తెరుచుకోకూడదు. తలుపు మూయకుండా గది కదలకూడదు. 2025 ఫిబ్రవరిలో హైదరాబాదులో ఒక అపార్టుమెంటులో లిఫ్టుకూ గోడకూ మధ్య ఇరుక్కుని ఆరేళ్ల పసివాడు మరణించాడు. మన ఇళ్లకు మనవలు వస్తారు. తలుపుకూ గదికీ మధ్య పిల్లవాడు దూరేంత సందు ఉంచకండి.

3. కరెంటు పోతే గదిని దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తెరిచే బ్యాటరీ ఏర్పాటు తప్పనిసరి. లోపల గంట, ఫోను ఉండాలి. ఫోను కూర్చున్న మనిషికి కూడా అందాలి.

4. ఈనాడు చక్రాల కుర్చీ అవసరం లేకపోవచ్చు. అయినా తలుపు ఎనభై సెంటీమీటర్లకు తగ్గకుండా చూసుకోండి. రేపటి సంగతి మనకు తెలియదు.

5. భారతీయ ప్రమాణాల సంస్థ 2002లోనే ఇంటి లిఫ్టులకు ఐ.ఎస్. 15259 అనే ప్రత్యేక నియమావళి వెలువరించింది. మీ లిఫ్టు ఏ ప్రమాణం ప్రకారం చేసినదో రాయించుకోండి. 1939 నాటి బొంబాయి చట్టం మొదలుకొని లిఫ్టుల చట్టాలు రాష్ట్రానికి ఒక రకంగా వచ్చాయి. అనుమతి సంగతి మీ ఊరి మున్సిపల్ కార్యాలయంలోనూ, విద్యుత్ తనిఖీ అధికారి వద్దా ముందే కనుక్కోండి.

6. ఏటా మెయింటెనెన్సు ఒప్పందాన్ని ఖర్చనుకోకండి. పరీక్షించని బ్రేకు లేని బ్రేకుతో సమానం.

లిఫ్టు నడిచిన మొదటి రోజు మా శ్రీమతి కొబ్బరికాయ కొట్టించి, లోపల చిన్న ముగ్గు వేసి, ఎక్కింది. పదిహేడు సెకన్లు పట్టింది. నేను గడియారం చూస్తూనే ఉన్నాను. తలుపు తెరుచుకోగానే వీధి గేటు దాకా కర్ర సాయంతో నడిచింది. ఆకుకూరల బండివాడు ఆశ్చర్యపోయి, “అమ్మగారూ, మీరే వచ్చారా!” అన్నాడు. అరగంట సేపు బేరమాడింది. ఆ రోజు గోంగూర రెండు రూపాయలు ఎక్కువకే కొన్నదని నాకు తరువాత తెలిసింది. నేనేమీ అనలేదు.

తాడు కట్టిన ఆ బుట్ట ఇప్పుడు కిటికీ పక్కన మేకుకు ఊరికే వేలాడుతోంది.